చక్రం మీద జానెడు చోటు: రోజువారీ రోడ్డుకు కాయిలోవర్ సర్దుబాటు

కారు బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగుతూ పోకుండా పట్టి ఆపేది షాకబ్జార్బర్. షాకబ్జార్బర్ గొట్టం బయటివైపు థ్రెడ్లు కోసి, వాటి మీద తిరిగే పళ్లెం ఎక్కించి, ఆ పళ్లెం మీద స్ప్రింగును నిలబెడితే తయారయ్యేదే కాయిలోవర్. పళ్లెం తిప్పితే కారు ఎత్తు మారుతుంది. పైనో కిందో ఉండే చిన్న నాబ్ తిప్పితే లోపల నూనె పారే దారి ఇరుకవుతుంది, లేదా వెడల్పవుతుంది. మార్చుకోవడానికి చేతికి అందేవి ఇంతే. వాటితో పాడు చేయగలిగింది మాత్రం చాలా ఉంది.

ఈ అమరికలో కొత్తదనం తక్కువే. చిన్న కార్ల ముందు చక్రాల దగ్గర కనిపించే మెక్‌ఫర్సన్ స్ట్రట్ కూడా స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసిన జంటే. అమెరికన్ ఇంజినీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940లలో దానికి రూపమిచ్చాడు. 1950ల మొదట్లో బ్రిటన్‌లో అమ్మిన ఫోర్డ్ కాన్సల్, జెఫైర్ కార్లతో అది జనంలోకి వచ్చింది. కంపెనీ స్ట్రట్‌లో స్ప్రింగు కూర్చునే పళ్లెం వెల్డింగుతో అతికి ఉంటుంది, కాయిలోవర్‌లో కదులుతుంది. ఒక్కో ట్రాక్‌కు ఒక్కో ఎత్తు, ఒక్కో గట్టిదనం కావాల్సిన రేసు కార్లకు ఆ కదలిక అవసరం. రోజూ అదే రోడ్డు మీద అదే ఆఫీసుకు వెళ్లే కారుకు అది ఒకసారి సరిగ్గా పెట్టుకుని వదిలేయాల్సిన వస్తువు. ఆ ఒక్కసారీ దేన్ని చూసి పెట్టాలన్నదే ఈ అధ్యాయం.

వెనక చక్రాల సంగతి వేరు. స్విఫ్ట్ లాంటి కార్లలో వెనకవైపు రెండు చక్రాలనూ కలిపే దూలం, టోర్షన్ బీమ్, ఉంటుంది. స్ప్రింగు ఒకచోట, షాకబ్జార్బర్ మరోచోట. అలాంటి కార్లకు అమ్మే కిట్‌లో వెనకకు ఎత్తు మార్చే పళ్లెం విడిగా, షాకబ్జార్బర్ విడిగా వస్తాయి. పేరు కాయిలోవర్ కిట్ అయినా వెనకున్నవి కాయిలోవర్లు కావు. ముందున్న వాటిలోనూ రెండు రకాలున్నాయి. మొదటి రకంలో ఎత్తు మార్చడానికి స్ప్రింగు పళ్లెం ఒక్కటే ఆధారం. రెండో రకంలో షాకబ్జార్బర్ గొట్టం మొత్తంగా కింది బ్రాకెట్‌లోకి దిగుతుంది, పైకి వస్తుంది. స్ప్రింగు పళ్లేన్ని ముట్టుకోకుండానే కారు ఎత్తు మార్చవచ్చు. చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోకుండా పానా పట్టుకోకూడదు. ఒకే పని రెండు రకాల్లో రెండు వేర్వేరు ఫలితాలిస్తుంది.

స్ప్రింగు లెక్క

స్ప్రింగు మీద ఎంత బరువు పెడితే అంత దామాషాలో నలుగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. కాయిలోవర్ లెక్కంతా దాని మీదే నడుస్తుంది. జపాన్ కంపెనీల కేటలాగుల్లో 4కె, 6కె అని రాస్తే మిల్లీమీటరు నలగడానికి 4 కిలోలు, 6 కిలోలు కావాలని అర్థం.

ఒక ముందు చక్రం మీద పడే బాడీ బరువు 300 కిలోలు అనుకుంటే, మిల్లీమీటరుకు 2 కిలోల మెత్తటి స్ప్రింగు 150 మిల్లీమీటర్లు నలిగి నిలబడుతుంది. 6 కిలోల స్ప్రింగు 50 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. కారు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది ఈ నలుగుడు మీదే ఆధారపడి ఉంటుంది. 150 మిల్లీమీటర్లకు సెకనుకు 1.3 ఊగుళ్లు, 50 మిల్లీమీటర్లకు 2.2. మామూలు కార్లను కంపెనీలు సుమారు 1 నుంచి 1.5 మధ్య ఉంచుతాయి. రేసు కార్లు 2 దాటుతాయి. గాలి ఒత్తిడితో నేలకు అతుక్కుని పరిగెత్తేవి ఇంకా చాలా పైకి పోతాయి.

కూర్చున్న మనిషి ఒళ్లు నిలువు కుదుపుల్లో అన్నిటికన్నా ఎక్కువ బాధపడేది సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే వాటికి. పొట్ట, వెన్ను ఆ పరిధిలోనే గట్టిగా స్పందిస్తాయి. గతుకుల రోడ్డు అన్ని వేగాల కుదుపులనూ కలిపి పంపుతుంది. మెత్తటి స్ప్రింగు ఆ 4-8 పరిధిని చాలావరకు మింగేస్తుంది, గట్టిది సీటు దాకా చేరవేస్తుంది. పై లెక్కలోని కారుకు 4 కిలోల స్ప్రింగు వేస్తే సెకనుకు 1.8 ఊగుళ్లు వస్తాయి. రోజూ వాడే కారుకు పై హద్దు అక్కడే అనుకోవచ్చు. ఆ తర్వాత ఎన్ని నాబ్‌లు తిప్పినా మెత్తదనం తిరిగి రాదు. అందుకే సర్దుబాటు కొనేటప్పుడే మొదలవుతుంది.

పక్కవాడి కారులో బాగుందని అదే నంబరు స్ప్రింగు కొనడం కూడా పొరపాటే. మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో చక్రం ఎంత లేస్తే స్ప్రింగు ఇంచుమించు అంతే నలుగుతుంది. చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్మ్‌లు బాడీకి కలిపే డబుల్ విష్‌బోన్ కార్లలో స్ప్రింగు చక్రానికి దూరంగా, ఆర్మ్ మధ్యలో ఉంటుంది. చక్రం 10 మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగు 7 నలగవచ్చు. ఆ 0.7ను దానితోనే గుణించాలి, అంటే 0.49. అక్కడ 8 కిలోల స్ప్రింగు కూడా చక్రం దగ్గర 4 కిలోల పనే చేస్తుంది.

ముందు, వెనక స్ప్రింగుల మధ్య కూడా ఒక లెక్క ఉంది. రోల్స్ రాయిస్ నుంచి 1930లో జనరల్ మోటార్స్‌కు వెళ్లిన మారిస్ ఓలీ దాన్ని కాడిలాక్ కార్ల మీద ప్రయోగాలు చేసి తేల్చాడు. గతుకు మొదట ముందు చక్రాన్ని తాకుతుంది, కాసేపటికి వెనక చక్రాన్ని. రెండు ఇరుసుల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 2.45 మీటర్లున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ తేడా సెకనులో ఏడో వంతు. రెండు వైపులా ఒకే లయలో ఊగితే ముక్కు లేచినప్పుడు తోక దిగుతూ, తోక లేచినప్పుడు ముక్కు దిగుతూ కారు పడవలా తూలుతుంది. వెనక కాస్త వేగంగా ఊగేలా స్ప్రింగు వేస్తే అది ముందుదాన్ని అందుకుంటుంది, ఒకటి రెండు ఊగుళ్లలో బాడీ సమంగా కుదురుకుంటుంది. రేసు కోసం చేసిన కిట్లలో ఈ వరస తిరగబడి ఉండవచ్చు. హైవే మీద వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు తల తిరగడానికి కారణం ఒక్కోసారి అదే.

ఎత్తు, ప్రీలోడ్

కాయిలోవర్ల గురించి ఎక్కువగా వినిపించే అపోహ ఒకటుంది: పళ్లేన్ని పైకి బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని. గట్టిపడదు. మిల్లీమీటరుకు 6 కిలోల స్ప్రింగు ఎంత బిగించినా 6 కిలోలదే. మారేది మరొకటి, అంతకన్నా ముఖ్యమైనది: చక్రం పైకి వెళ్లడానికి ఎంత చోటుంది, కిందికి జారడానికి ఎంత చోటుంది అన్న పంపకం.

షాకబ్జార్బర్ కడ్డీ మొత్తం ప్రయాణం 110 మిల్లీమీటర్లనుకుందాం. 300 కిలోల బరువు, 6 కిలోల స్ప్రింగు, ప్రీలోడ్ సున్నా, అంటే కారు బరువు పడకముందు పళ్లెం స్ప్రింగును ఏమాత్రం నొక్కి ఉంచలేదు. కారును నేల మీదికి దించగానే కడ్డీ 50 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. గతుకు ఎక్కడానికి 60 మిగిలింది, గుంతలోకి చక్రం జారడానికి 50. పళ్లేన్ని 10 మిల్లీమీటర్లు బిగిస్తే కారు 10 మిల్లీమీటర్లు లేస్తుంది. పైకి 70, కిందికి 40. ఎత్తు ఇంకా కావాలని 50 మిల్లీమీటర్లు బిగిస్తే కిందికి ఏమీ మిగలదు. నిలబడ్డ కారులోనే కడ్డీ పూర్తిగా బయటికి వచ్చి ఉంటుంది. చక్రం కింద రోడ్డు కాస్త దిగిందంటే చక్రం దానితో పాటు దిగలేదు, గాల్లో వేలాడుతుంది. కడ్డీ చివర ఠక్కుమని తగిలే చప్పుడు క్యాబిన్‌లో వినిపిస్తుంది. కారు గట్టిపడిందని అనిపించేది అందుకే. నిజానికి ఆ క్షణంలో సస్పెన్షనే లేదు.

ఎత్తు తగ్గించాలని పళ్లేన్ని కిందికి తిప్పితే లెక్క రెండోవైపు తిరుగుతుంది. 20 మిల్లీమీటర్లు దించితే పైకి 40 మాత్రమే మిగులుతుంది. అందులోనూ చివరి భాగం బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మది. ఆ దిమ్మ తగిలిందంటే స్ప్రింగు ఎంత మెత్తనిదైనా లెక్కలోకి రాదు, ఆ చక్రం ఒక్కసారిగా రాయిలా అవుతుంది. తిన్నటి రోడ్డు మీద నడుము కదిలిపోవడంతో పోతుంది. మలుపులో అయితే ఆ చక్రం మీదికి బరువు ఉన్నపళంగా ఎక్కి టైరు పట్టు జారుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్ప్రింగు పొట్టిదై, పళ్లెం చాలా కిందికి తిప్పి ఉంటే జాకీతో ఎత్తినప్పుడు స్ప్రింగు వదులై పళ్లెంలో అటూ ఇటూ కదులుతుంది. చక్రం గాల్లోకి లేచి దిగినప్పుడల్లా అది తప్పుగా కూర్చునే ప్రమాదం ఉంది. పూర్తిగా వేలాడుతున్నప్పుడు కూడా స్ప్రింగు చేత్తో కదలనంత బిగువుగా ఉండాలి. దానికి కొన్ని మిల్లీమీటర్ల ప్రీలోడ్ చాలు.

రెండు చోట్ల సర్దుకునే రకంలో ఈ తంటా తక్కువ. ప్రీలోడ్ ఒకసారి పెట్టి వదిలేస్తారు, ఎత్తును కింది బ్రాకెట్‌తో మారుస్తారు. కడ్డీ ప్రయాణం చెక్కుచెదరదు. దీనికీ హద్దుంది. కారు దిగే కొద్దీ టైరు ఫెండర్ లోపలి అంచుకు దగ్గరవుతుంది. షాకబ్జార్బర్‌లో చోటు ఉండి కూడా, అది వాడుకునేలోపు టైరు ఫెండర్‌ను గీకుతుంది. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఆ చక్రాన్ని జాకీతో ఎత్తి చూస్తే ఎక్కడ తగులుతుందో తెలిసిపోతుంది.

స్పీడ్ బ్రేకర్ దగ్గర

ఎంత దించవచ్చన్న ప్రశ్నకు జవాబు చెప్పేది షోరూమ్ కాదు, స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. దాని వంపు 17 మీటర్ల వ్యాసార్థం గల వృత్తంలో ముక్క. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఉద్దేశించింది. 2.45 మీటర్ల వీల్‌బేస్ ఉన్న స్విఫ్ట్ దాని నడినెత్తిన నిలబడితే ముందు, వెనక చక్రాలు కూడా ఆ దిబ్బ మీదే ఉంటాయి, నేల నుంచి దాదాపు 56 మిల్లీమీటర్ల ఎత్తున. శిఖరం 100 మిల్లీమీటర్లు. అంటే కారు పొట్ట కిందికి చొచ్చుకొచ్చేది 44 మిల్లీమీటర్లే. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163. ఇలాంటి దిబ్బ మీద 40 మిల్లీమీటర్లు దించిన కారు కూడా హాయిగా దాటిపోతుంది.

కానీ కాలనీల్లో, ఊళ్ల మొదట్లో ఉండే స్పీడ్ బ్రేకర్లలో ఈ కొలతకు సరిపడేవి అరుదు. అర మీటరు వెడల్పున, 15 సెంటీమీటర్ల ఎత్తున రాత్రికి రాత్రి పోసిన కాంక్రీటు గట్టు మీద చక్రాలు ముందే దిగిపోతాయి. ఆ 150 మిల్లీమీటర్లూ నేరుగా పొట్ట కిందికే వస్తాయి. 163 మిల్లీమీటర్ల కారు నలుగురితో నిండితేనే కష్టం, 40 దించితే తప్పకుండా తగులుతుంది. తగిలేది ఇంజిన్ ఆయిల్ చాంబర్ అయితే ఖర్చు కాయిలోవర్ కిట్ ధరతో పోటీ పడుతుంది. ఆంధ్ర, తెలంగాణ రోడ్ల మీద కంపెనీ ఎత్తు నుంచి 15, మహా అయితే 20 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ దించడంలో అర్థం లేదు. అసలు దించకుండా, షాకబ్జార్బర్ నాణ్యత కోసమే కాయిలోవర్ వేసుకోవడం ఇంకా తెలివైన పని.

దించితే మలుపుల్లో బాగా నిలబడుతుందన్న మాట కూడా సగమే నిజం. కారు బరువు కేంద్రం దిగుతుంది, అది మంచిదే. కానీ మెక్‌ఫర్సన్ స్ట్రట్ కార్లలో చక్రాన్ని కిందివైపు బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బయటి కొన పైకి తిరిగేంత దించితే, బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, ఒరిగించే బలానికి పొడవాటి చెయ్యి దొరుకుతుంది. అలా దించిన కారు మునుపటికన్నా ఎక్కువ ఒరగాలని చూస్తుంది; దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగు కావాలి. ఫొటోలో అందంగా కనిపించే కార్లలో చాలావాటి కథ ఇది. కారు కింద పడుకుని చూసినప్పుడు లోయర్ ఆర్మ్ బయటి కొన లోపలి కొన కన్నా పైన ఉంటే హద్దు దాటినట్టే.

కొలిచి పెట్టడం

ఎత్తు కొలవాల్సింది నేల నుంచి కాదు. టైరులో గాలి ఎక్కువ తక్కువలు కొలతను మారుస్తాయి. హబ్ మధ్య నుంచి నిట్టనిలువుగా ఫెండర్ అంచుకు టేపు పెట్టాలి. కిట్ బిగించకముందే నాలుగు చక్రాల దగ్గర ఈ కొలత రాసి పెట్టుకోవడం తప్పనిసరి, తర్వాత దొరకదు.

పళ్లెం తిప్పే ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి, కారును స్టాండ్ల మీద నిలబెట్టి, స్ప్రింగు మీద బరువు తీసేయాలి. థ్రెడ్లలో ఇసుక, మట్టి ఉంటే బ్రష్‌తో దులిపి కాస్త నూనె పూయాలి. బరువు మీదుండగా, మట్టితో నిండి ఉండగా సి-ఆకారపు పానాతో బలంగా లాగితే అల్యూమినియం పళ్లెం థ్రెడ్లు చెరిగిపోతాయి. రెండు పక్కలా ఒకే లెక్కలో తిప్పాలి, చివర లాక్ రింగు బిగించాలి. స్ట్రట్ పైనున్న మధ్య నట్టును స్ప్రింగు బిగువుగా ఉండగా విప్పడం ప్రాణాంతకం. ఆ పని స్ప్రింగును అదిమి పట్టే పనిముట్టు ఉన్న మెకానిక్‌దే.

దించిన వెంటనే కొలిస్తే తప్పు వస్తుంది. జాకీ దించినప్పుడు టైర్లు లోపలికి ముడుచుకుని కారును కాస్త ఎత్తులో పట్టి ఉంచుతాయి. నాలుగు మీటర్లు ముందుకీ వెనక్కీ నడిపితే సర్దుకుంటుంది. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకాస్త దిగవచ్చు కనుక అప్పుడు మళ్లీ కొలవాలి. చాలా గ్యారేజీల్లో వదిలేసే పని మరొకటుంది: లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు నేల మీద నిలబడి ఉన్న స్థితిలోనే చివరిగా బిగించాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలికపడి ఉంటుంది, కారు ఎత్తును కూడా కొంత పట్టి ఉంచుతుంది, తొందరగా చిరిగిపోతుంది.

ఎడమ కుడి ఎత్తుల్లో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కనిపిస్తే దాన్ని సరిచేయాలని ఒకే మూలను బిగించడం మంచిది కాదు. ఒక కాలు పొడవైన కుర్చీలో బరువంతా ఎదురెదురు మూలల రెండు కాళ్ల మీదికి పోయినట్టే, కారు బరువు కూడా ఒక వికర్ణం మీదికి మళ్లుతుంది. అలాంటి కారు గట్టిగా బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతుంది. రేసు జట్లు నాలుగు చక్రాల కింద నాలుగు త్రాసులు పెట్టి రెండు వికర్ణాలను చెరి సగానికి తెస్తాయి. రోడ్డు కారుకు అంత అక్కర్లేదు; రెండు పక్కలా థ్రెడ్ల లెక్క సమంగా ఉంచితే చాలు.

ఎత్తు మారితే వీల్ అలైన్‌మెంట్ మారుతుంది, దీనికి మినహాయింపు లేదు. క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలడం, రోడ్డు కారుకు అర డిగ్రీ నుంచి డిగ్రీన్నర దాకా ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు. టైర్లను తినేది టో: రెండు చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోవడం. ఒక చక్రం పావు డిగ్రీ పక్కకు చూస్తున్నా కిలోమీటరుకు నాలుగు మీటర్లకు పైగా టైరును అడ్డంగా ఈడ్చినట్టే. 10,000 కిలోమీటర్లకు అది 40 కిలోమీటర్లు దాటుతుంది. టోర్షన్ బీమ్ కార్లలో వెనక చక్రాల కోణాలు మార్చడానికి వీలుండదు కనుక వెనక ఎక్కువ దించకపోవడమే దారి.

హెడ్‌లైట్లు కూడా మరిచిపోకూడదు. వెనకవైపు ముందుకన్నా 20 మిల్లీమీటర్లు ఎక్కువ దిగితే 2.45 మీటర్ల వీల్‌బేస్ కారులో వెలుగు 50 మీటర్ల దూరాన 40 సెంటీమీటర్లు పైకి పోతుంది, ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకి. ముందు అద్దం వెనక కెమెరాతో బ్రేకు వేసే కొత్త కార్లకైతే ఆ కెమెరానూ మళ్లీ సరిచేయించాలి.

నాబ్ ఎటు తిప్పాలి

షాకబ్జార్బర్ లోపల పిస్టన్ నూనెలో కదులుతుంది. నూనె సన్నటి రంధ్రాల గుండా, పలచటి ఉక్కు బిళ్లల అంచుల గుండా దూరుతూ ఊగుడు శక్తిని వేడిగా మారుస్తుంది. స్ప్రింగు ఎంత నలిగిందన్నదాన్ని బట్టి ఎదురు తిరుగుతుంది. షాకబ్జార్బర్ ఎంత వేగంగా కదిలిందన్నదాన్ని బట్టి ఎదురు తిరుగుతుంది. రెండూ ఒకదానికొకటి తూగాలి. స్ప్రింగు మూడు రెట్లు గట్టిదైతే అదే నిలకడ కోసం షాకబ్జార్బర్ బలం సుమారు 1.7 రెట్లు కావాలి. కంపెనీ షాకబ్జార్బర్ మీద గట్టి స్ప్రింగు వేసిన కార్లు ఎగిరెగిరి పడేది ఇందుకే.

లోపలికి నలిగేటప్పటి ఎదురుబలాన్ని బంప్ అని, బయటికి సాగేటప్పటిదాన్ని రీబౌండ్ అని అంటారు. రోడ్డు కార్లలో రీబౌండే ఎక్కువగా ఉంచుతారు. చక్రాన్ని గతుకు పైకి తోస్తున్నప్పుడు ఎక్కువ అడ్డుపడితే దెబ్బ బాడీకి చేరుతుంది. నలిగిన స్ప్రింగు వెనక్కి తన్నేటప్పుడు మాత్రం పట్టి ఆపేది కావాలి. ఒకే నాబ్ ఉన్న కాయిలోవర్లలో అది కొన్నింటిలో రెండింటినీ కలిపి మారుస్తుంది, కొన్నింటిలో ప్రధానంగా రీబౌండ్‌ను.

నాబ్ చేయలేని పని ఒకటుంది, దాన్ని తెలుసుకుంటే చాలా విసుగు తప్పుతుంది. మామూలు నాబ్ మార్చేది పక్కనుండే సన్నటి నూనె దారిని. పిస్టన్ నెమ్మదిగా కదిలేటప్పుడు, అంటే మలుపులో బాడీ ఒరిగేటప్పుడు, బ్రేకుకు ముక్కు దిగేటప్పుడు నూనె ఎక్కువగా ఆ దారినే పోతుంది. చక్రం గుంత అంచును ఢీకొన్నప్పుడు పిస్టన్ ఒక్కసారిగా దూసుకుపోతుంది. అంత నూనెకు ఆ సన్నటి దారి చాలదు, ఉక్కు బిళ్లలే తెరుచుకోవాలి. కాబట్టి గుంతలో పడ్డప్పటి దెబ్బ నాబ్‌తో కొంతే తగ్గుతుంది. మిగతాది స్ప్రింగు, బిళ్లల అమరిక, టైరు చేతుల్లో ఉంటుంది. ఇక్కడ నెమ్మది, వేగం అన్నవి పిస్టన్‌వి. కారు ఎంత వేగంగా పోతోందన్నదానితో వాటికి సంబంధం లేదు.

క్లిక్కుల లెక్క కంపెనీకొక తీరు. బిల్‌స్టీన్ బి16లో 1 అంటే మెత్తన, 10 అంటే గట్టి. టీన్ కంపెనీ వాటిలో పూర్తిగా బిగిసిన స్థానాన్ని సున్నాగా తీసుకుని వెనక్కి లెక్కిస్తారు. నంబరు పెరిగే కొద్దీ మెత్తన. అందుకే ఎంత పెట్టారన్న ప్రశ్నకు ఒట్టి నంబరు జవాబు కాదు. సూది వాల్వు ఉన్నవాటిలో పూర్తిగా మూసిన చివరే కచ్చితమైనది కనుక అక్కడి దాకా మృదువుగా తిప్పి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. చివర బలం చేస్తే సూది పాడవుతుంది.

నాబ్ ముట్టుకునే ముందు టైరు గాలి డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకెకు తేవాలి. ఐదు పౌండ్లు ఎక్కువున్న టైరు చేసే గట్టిదనాన్ని షాకబ్జార్బర్ మీద తోసేయడం మామూలే. ఆ తర్వాత నాలుగింటినీ పూర్తి మెత్తదనానికి పెట్టి, రోజూ తిరిగే దారిలోనే నడపాలి. ఆ దారిలో నాలుగు రకాలు కలిసి రావాలి: ఫ్లైఓవర్ అతుకులు, అతుకులేసిన పాత తారు, కల్వర్టు దగ్గర రోడ్డు పొడవుగా దిగి లేచే చోటు, వరసగా గీతలు పోసిన రంబుల్ స్ట్రిప్స్. హైదరాబాదులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పోయే 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే అతుకుల పరీక్షకు బాగుంటుంది.

పూర్తి మెత్తగా ఉన్నప్పుడు కల్వర్టు దాటిన కారు లేచి, దిగి, మళ్లీ లేస్తుంది. రెండు క్లిక్కులు గట్టి చేసి అదే చోట, అదే వేగంతో మళ్లీ చూడాలి. ఒకసారి లేచి దిగి నిలిచిపోయే చోట ఆగిపోవాలి. అంతకు మించి గట్టి చేస్తే మొదట్లో కారు చురుగ్గా అనిపిస్తుంది, స్టీరింగుకు వెంటనే జవాబిస్తుంది. అక్కడే చాలామంది మోసపోతారు. రంబుల్ స్ట్రిప్స్ మీదికి వెళ్తే అసలు సంగతి బయటపడుతుంది. రీబౌండ్ మరీ ఎక్కువైతే ఒక గీత మీద నలిగిన స్ప్రింగు పూర్తిగా సాగకముందే తర్వాతి గీత వస్తుంది. కారు మెట్టుమెట్టుగా కిందికి కుంగుతూ చివరికి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. వరసలో మొదటి గీత కన్నా చివరి గీత ఎక్కువ కొడితే క్లిక్కులు వెనక్కి తీయాలి. బంప్‌కు వేరే నాబ్ ఉంటే దాన్ని పూర్తి మెత్తన నుంచి కొద్దిగానే పెంచాలి, అతుకుల మీద పదునైన దెబ్బ మొదలవగానే ఒక అడుగు వెనక్కి. ఒకసారికి ఒక్క ఇరుసునే మార్చాలి, ప్రతి మార్పూ కాగితం మీద రాయాలి. ఎడమ కుడి ఎప్పుడూ ఒకే అంకె.

వానాకాలంలో ఒకటి రెండు క్లిక్కులు మెత్తగా ఉంచడం మేలు. తడి రోడ్డు మీద టైరుకున్న కొద్దిపాటి పట్టు నిలవాలంటే దాని మీద బరువు నెమ్మదిగా ఎక్కాలి, నెమ్మదిగా దిగాలి. ముందు చక్రాలు లాగే కారులో వెనక షాకబ్జార్బర్లు గట్టి చేస్తే మలుపులో ముక్కు బాగా తిరుగుతుందన్న మాట ట్రాక్ మీద నిజం. తడి ఘాట్ రోడ్డు మీద ఆ గట్టి వెనక భాగమే ముందు జారుతుంది.

బరువు, తుప్పు, చట్టం

ఒంటరిగా నడిపి పెట్టిన సర్దుబాటు సంక్రాంతికి ఊరెళ్లే రోజు పనికిరాకపోవచ్చు. వెనక ముగ్గురు, డిక్కీ నిండా సామాను కలిపి వెనక ఒక్కో చక్రం మీద అదనంగా 75 కిలోలు పడితే, 3 కిలోల స్ప్రింగు 25 మిల్లీమీటర్లు దిగుతుంది. మొదటే 20 దించి ఉన్న కారుకు అది మొత్తం 45. అందుకే వెనక ఎత్తును నిండు బరువుతో కూడా ఒకసారి కొలిచి, అప్పటికీ బంప్ స్టాప్‌కు చోటు మిగిలేలా పెట్టాలి. ఖాళీ కారు వెనక కాస్త ఎత్తుగా కనిపిస్తే కనిపించనివ్వాలి. కంపెనీలు అలా ఉంచేది ఈ కారణంగానే.

థ్రెడ్లకు ప్రధాన శత్రువు తుప్పు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలోనూ, చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ ఏడాది తిప్పని పళ్లెం గొట్టానికి అతుక్కుపోతుంది. జర్మన్ కంపెనీ కేడబ్ల్యూ గొట్టాన్ని స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసేది ఇందుకే. మామూలు వాటిని ఆరు నెలలకొకసారి కడిగి, ఆరబెట్టి, థ్రెడ్లకు పలచగా గ్రీజు లాంటి రక్షణ పూత వేసి, పళ్లేన్ని గుర్తు పెట్టుకుని కొద్దిగా అటూ ఇటూ తిప్పి మళ్లీ అక్కడే నిలపాలి. కడ్డీ మీద కప్పే రబ్బరు తొడుగు చిరిగితే వెంటనే మార్చాలి. దుమ్ము సీల్‌ను కోసేస్తుంది, నూనె కారడం మొదలవుతుంది. నూనె కారిన షాకబ్జార్బర్‌కు ఏ క్లిక్కూ పని చేయదు.

జర్మనీలో కాయిలోవర్ బిగించాక కారును తనిఖీకి తీసుకెళ్లాలి. ఎంత దాకా దించవచ్చో కిట్‌తో వచ్చే ధ్రువపత్రంలోనే ఉంటుంది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. ఆ మాటను సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా సమర్థించింది. సస్పెన్షన్ మార్చే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగడం, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం, కారు వారంటీ షరతులు చదవడం యజమాని పని. తీసేసిన కంపెనీ స్ట్రట్లు, స్ప్రింగులు, బంప్ స్టాప్‌లు కిట్ వచ్చిన పెట్టెలోనే భద్రంగా దాచాలి; కారు అమ్మే రోజు వాటిని తిరిగి బిగిస్తే మంచి ధర వస్తుంది, కిట్‌కు వేరే ధర వస్తుంది.